ఎడమ డొక్క

కల్లంలో మిరపకాయల రాశి చుట్టూ ఆడకూలీలు వరసగా కూర్చుని తాలు ఏరుతున్నారు. ఎర్రగా నిగనిగలాడే కాయల్ని ముందుకి తోసేసి, పాలిపోయిన తాలుకాయల్ని పక్కనున్న గంపలో పడేస్తున్నారు. మూతికీ ముక్కుకీ కొంగులు బిగించి కట్టుకున్నా ఎవరో ఒకరు తుమ్ముతూనే ఉన్నారు. ఒకరు మొదలుపెడితే వరసంతా అందుకుంటోంది.

మేస్త్రీ బాపయ్య రాశి చుట్టూ తిరిగొచ్చి మల్లేశ్వరి వెనకాల ఆగాడు.

"నువ్వు లేమ్మా," అన్నాడు.

మల్లేశ్వరి తల తిప్పి చూసింది. "నన్నా?"

"నిన్నే. రేపట్నుంచి రాబోక. రైతు వద్దంటున్నాడు."

"ఎందుకంట?"

బాపయ్య ఆమె నడుం దగ్గర, చీర కుచ్చెళ్ళ పైన ఎత్తుగా కనిపిస్తున్న చోటు వంక చూసి, చూపు రాశి మీదికి మళ్ళించుకున్నాడు. "వట్టి మనిషివి కావు. ఈ ఘాటులో కూర్చోబెట్టానని రేపు నన్నంటారు. ఆ సంగతేదో తేలినాక రా, చూద్దాం."

వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. ఏరే చేతులు ఆగాయి. మల్లేశ్వరి మొగుడు కోటిలింగం పచ్చకామెర్లతో పోయి రెండేళ్ళు దాటింది. వట్టి మనిషివి కావు అన్న మాట ఊళ్ళో చాలారోజులుగా నానుతున్నదే గాని, ఆమె మొహం మీద అనడం ఇదే మొదలు.

రాశికి అవతలి పక్క కూర్చున్న చెంచమ్మ లేచింది. కోటిలింగం తల్లి ఆమె. కారం అంటిన చేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చి కోడలి రెక్క పట్టుకుంది.

"పదవే."

"నేనేం చేశానత్తా? ఆయన అట్టా అంటుంటే నువ్వు..."

"పదమంటున్నానా!"

చెంచమ్మ బాపయ్యను ఒక్క మాటా అనలేదు. దారి పొడుగునా కోడలిని కూడా ఏమీ అనలేదు. కోడలు అడుగు వెనకబడితే ఆగుతోంది, కలుసుకుంటే మళ్ళీ నడుస్తోంది. ఆమె ఏమైనా అంటుందేమోనని మల్లేశ్వరి ఇంటిదాకా ఆమె మొహంలోకి చూస్తూనే వచ్చింది.

చెంచమ్మకి అనడానికేముంది! కోడలు నీళ్ళు పోసుకుంటున్నప్పుడు తడిక సందులోంచి ఆ కడుపు ఆమె సంక్రాంతికి ముందే చూసింది. అప్పట్నుంచీ తిండి సయించలేదు. సాగర్ కాలవ తవ్వకానికి ఊరవతల గుడిసెలేసుకున్న వాళ్ళల్లో ఎవడో, లేకపోతే పత్తి తీతకి పోయినప్పుడు ఎవడో. ఎవడైతేనేం అనుకుంది. అడిగితే పిల్ల పేరు చెప్తుంది, చెప్పాక ఆ పేరు మోస్తూ తను ఊళ్ళో తిరగాలి. అందుకని అడగలేదు. పుట్టింటికి తరుముదామంటే ఆ పిల్లకి తల్లీ లేదు, తండ్రీ లేడు. తరమాలని ఆమెకి మనసులోనూ లేదు.

చేతుల మంటకి ఆముదం రాసుకుంటూ, "రేపు గుంటూరు పోదాం," అంది.

"ఎందుకు?"

"మా పెద్దమ్మ కూతురుంది అక్కడ. చూసొద్దాం."

చెంచమ్మకి గుంటూరులో పెద్దమ్మ కూతురెవరూ లేరని మల్లేశ్వరికి తెలుసు. అయినా సరేనంది. నూతి దగ్గర నీళ్ళు చేదేటప్పుడు మధ్యలో ఆగి ఎడమ డొక్కలో పిడికిలి నొక్కి పెట్టుకుని, ఊపిరి బిగబట్టి, మళ్ళీ చేదింది. అలా నొక్కుకోవడం చెంచమ్మ ఎన్నిసార్లో చూసింది. బరువు కదా, అనుకుంది.

*

గుంటూరులో బస్సు దిగాక చెంచమ్మ దారి అడక్కుండా నడిచింది. మార్కెట్టు వెనక రెండు గోడల మధ్య సందు. దాని చివర ఒక ముసలిది ఉంటుందనీ, పసర్లూ పుల్లలూ పెట్టి పని కానిస్తుందనీ ఎప్పుడో ఎవరి నోటనో దారి గుర్తులతో సహా విన్నది. సందు మొదట్లో మురుక్కాలవ. దాన్ని దాటబోతూ మల్లేశ్వరి నిలబడిపోయింది.

"అత్తా, ఇది ఎవరిల్లు?"

"నడు చెప్తా."

"ఎవరిల్లో చెప్పు ముందు."

చెంచమ్మ నోరు తెరిచేలోపలే ఆ పిల్ల రెండు చేతులతో డొక్క పట్టుకుని గోడకి చేరబడింది. మొహం బూడిదరంగుకి తిరిగింది. పొద్దున తాగిన గంజి కక్కుకుంది. కాళ్ళు మడుచుకుని నేల మీదికి జారిపోతూ, నోట్లో కొంగు కుక్కుకుని అరుపు ఆపుకుంటోంది. కాన్పు నొప్పుల్ని చెంచమ్మ ఎన్ని చూడలేదు! అవి వస్తాయి, పోతాయి. ఇది పోవడం లేదు. పిల్ల నుదుటి మీద చెమట ధారగా కారుతోంది.

సందు చివర తలుపు తీసి ముసలిది తొంగి చూసింది. చూసి తలుపేసుకుంది.

చెంచమ్మ రోడ్డు మీదికి పరిగెత్తింది. "రిక్షా! ఓ నాయనా, రిక్షా! పెద్దాసుపత్రికి!"

కాన్పుల వార్డులో డాక్టరమ్మ చాలాసేపు చూసింది. కడుపు మీద చెయ్యి వేసి, వేళ్ళు ఆనించి, ఆ వేళ్ళ మీద రెండో చేతి వేళ్ళతో తట్టి విన్నది. పక్కకి తిరగమంది. లోపలా చూసింది. చేతులు కడుక్కుని వచ్చి, "గర్భం కాదు," అంది.

"సరిగ్గా చూడండమ్మా," అంది చెంచమ్మ.

"చూశానమ్మా. గర్భసంచి ఖాళీగా ఉంది. ఈ గడ్డ వేరే. ఎడమ పక్క నుంచి వస్తోంది."

"నాకు తెలిసినంతవరకు అదేనమ్మా. ఇంకొకసారి చూడండి. దాచేదేం లేదు, మేం ఎవరికీ చెప్పం."

బల్ల మీద పడుకున్న మల్లేశ్వరి తల ఎత్తి అత్త వంక చూసింది. సందూ, మురుక్కాలవా, తొంగి చూసిన ముసలిదీ ఆ చూపులోకి ఒక్కొక్కటే వచ్చి చేరడం చెంచమ్మకి కనిపించింది. ఆ తర్వాత పిల్ల మొహం గోడ వైపు తిప్పుకుంది.

*

ఆపరేషన్లు చేసే డాక్టరు భావనారాయణ గారి వార్డులో మంచం ఇచ్చారు. మల్లేశ్వరి అడిగిన వాళ్ళకి జవాబు చెప్పేది. అత్త గంజి పోస్తే తాగేది, లేవదీస్తే లేచేది. తనంతట తాను మాత్రం ఆమెతో ఒక్క మాట మాట్లాడేది కాదు. చెంచమ్మ మంచం పక్కన నేల మీద కూర్చుని, చేతులకి పని లేక చీర అంచు మడతలు పెట్టి విప్పుతూ ఉండేది.

డాక్టరు పొద్దున్నే వచ్చేవాడు. బక్కపల్చటి మనిషి, మాట మెత్తన. మొదటిరోజే మల్లేశ్వరిని అడిగాడు. "ఈ నొప్పి ఎప్పట్నుంచి ఉందమ్మా?"

"చిన్నప్పట్నుంచీ వస్తా పోతా ఉండేదండి. ఈమధ్య ఎక్కువైంది."

"ఎవరికీ చెప్పలేదా?"

"మా అమ్మకి చెప్తే వాము నమిలించేది. తర్వాత ఎవరూ అడగలేదండి."

ఆ మాట అత్తను ఉద్దేశించి అన్నది కాదు. చెంచమ్మకి మాత్రం ఈడ్చి కొట్టినట్టయింది.

నర్సు రెబ్కా వచ్చి, మర్నాడు ఎక్స్‌రే తీస్తారని, సాయంత్రం ఆముదం తాగాలని, ఆ తర్వాత పచ్చినీళ్ళు కూడా ముట్టకూడదని చెప్పింది. "పేగుల్లో ఏమీ ఉండకూడదమ్మా. ఉంటే వెనకాల ఉన్నది కనపడదు," అంది.

ఎక్స్‌రే గదికి కిటికీలన్నీ నల్లగుడ్డలతో మూసి ఉన్నాయి. ఇనప బల్ల మీద మల్లేశ్వరిని వెల్లకిలా పడుకోబెట్టారు. పైన పెద్ద యంత్రం తల వంచుకుని చూస్తున్నట్టు వేలాడుతోంది. డాక్టరు చేతి నరంలోకి మందు మెల్లిగా ఎక్కిస్తూ, "ఒళ్ళు వెచ్చబడుతుంది, భయపడకు. నోట్లో ఇత్తడి చెంబు నాకినట్టుంటుంది," అన్నాడు.

"అవునండి," అంది మల్లేశ్వరి కాసేపటికి ఆశ్చర్యంగా. "అట్టాగే ఉంది."

"ఆ మందు నెత్తుట్లో కలిసి మూత్రపిండాల దగ్గరికి పోతుంది. అవి దాన్ని వడకడతాయి. వడకడుతుండగా మనం ఫొటో తీస్తాం. పనిచేసేది తెల్లగా వెలుగుతుంది. పని చేయంది చీకట్లో ఉండిపోతుంది."

ఊపిరి బిగబట్టమన్నారు. యంత్రం గుర్రుమంది. పలక మార్చి, కాసేపు ఆగి, మళ్ళీ తీశారు. మధ్యాహ్నం దాటాక ఇంకొకసారి తీసుకొచ్చి తీశారు.

సాయంత్రం డాక్టరు చెంచమ్మను పిలిపించాడు. గోడకి బిగించిన గాజుపెట్టెలో దీపం వెలుగుతోంది. దాని మీద నల్లటి ఫిలింలు ఇంకా తడిగానే వేలాడుతూ, చుక్కలు చుక్కలుగా నీళ్ళు కారుస్తున్నాయి. చుట్టూ తెల్లకోట్ల కుర్రాళ్ళు నలుగురైదుగురున్నారు. డాక్టరు వాళ్ళకి ఇంగ్లీషులో చెప్తున్నవాడల్లా ఆగాడు.

"రా పెద్దమ్మా. ఇది నీ కోడలు."

చెంచమ్మకి ముందు ఎముకలే కనిపించాయి. తెల్లటి వెన్నుపూసలు ఒకదాని మీద ఒకటి, పక్కటెముకలు, కింద నడుం ఎముకల తొట్టి. రోజూ తనకి గంజి అందించే పిల్ల లోపల ఇదంతా ఉందా అనుకుంది. చెయ్యి ఎత్తి దణ్ణం పెట్టబోయి, ఎందుకో దించుకుంది.

"యాటని కోసినప్పుడు గుర్దాలు చూసే ఉంటావుగా?"

"చూశానయ్యా. వెన్ను పక్కన రెండుంటాయి, కొవ్వులో."

"మనకీ అంతే. ఇటు చూడు, ఇది కుడిది." వెన్నుపూసల పక్కన చిక్కుడు గింజ ఆకారంలో మసకనీడ ఉంది. దాని నడుమ తెల్లగా, స్పష్టంగా, బుల్లి బుల్లి గిన్నెలు మూడు ఒక కాడకి కాసినట్టున్నాయి. ఆ గిన్నెలు చెంచమ్మకి మిరపకాయ తొడిమల్లాగానే అనిపించాయి. వాటి కాడ సన్నటి దారంలా వంపు తిరుగుతూ కిందికి దిగి, అడుగున గుండ్రటి తెల్లటి చెరువులో కలిసింది. "ఒంట్లో చెడునీళ్ళు ఈ గిన్నెల్లోకి ఊరి, ఈ గొట్టంలోంచి కిందికి దిగుతాయి. ఇది చక్కగా ఉంది. ఇప్పుడు ఎడమ పక్క చూడు."

ఎడమ పక్క ఏమీ లేదు. చీకటి.

"అయ్యో, లేదేంటయ్యా?"

"ఉంది. మధ్యాహ్నం తీసినదాంట్లో కొంచెం కనిపిస్తుంది." ఆయన చివరి ఫిలిం మీద వేలుపెట్టి గీసినట్టు చూపించాడు. గిన్నెలూ లేవు, కాడా లేదు. విచ్చిన పత్తికాయలు కుప్పపోసినట్టు పెద్ద పెద్ద మసక మచ్చలు డొక్కంతా నిండి, వెన్నును దాటి, బొడ్డు దాకా వచ్చాయి. "గొట్టం మొదలయ్యే చోట ఇరుకు. పుట్టుకతో వచ్చిందే. నీళ్ళు దిగక లోపలే నిలవపడి, ఏళ్ళ తరబడి ఉబ్బి ఉబ్బి, కండ అంతా కరిగిపోయి సంచిలా తయారైంది. మీరు బయట్నుంచి చూసిన కడుపు ఇదే."

చెంచమ్మ ఆ మసక మచ్చల్ని కళ్ళార్పకుండా చూసింది. సంక్రాంతి ముందు నుంచీ తను తిండి మానేసి ఎవడో ఒకడి పేరు వెతికింది వీటికి.

"పుట్టినప్పట్నుంచా?" అంది.

"అవును. ఆ పిల్ల చేసిందేం లేదు."

ఆయన మామూలుగానే అన్నాడు. చెంచమ్మ గాజుపెట్టె కింద గోడ పట్టుకుని నిలబడింది. కుర్రాళ్ళలో ఒకడు ముక్కాలి పీట జరిపాడు.

"దాన్ని తీసెయ్యాలి పెద్దమ్మా. లేకపోతే చీము పడుతుంది."

"ఒకటి తీసేస్తే మనిషి బతుకుతుందా బాబూ?"

"కుడిదాన్ని చూశావుగా! చాలా కాలంగా ఇంటి పనంతా అదొక్కతే చేస్తోంది. ఇకముందూ చేస్తుంది. భయం లేదు."

*

మర్నాడు మధ్యాహ్నం, వార్డు వరండాలో ఎండ వాలుతున్న వేళ, మల్లేశ్వరిని గోడకి ఆనించి కూర్చోబెట్టి చెంచమ్మ తల దువ్వుతోంది. చిక్కు తీసి, రెండు పాయలు చేసి, మూడోది తీస్తూ ఆగిపోయింది.

"తప్పు చేశానే," అంది.

మల్లేశ్వరి ముందుకే చూస్తోంది. "ఎవరని నన్ను అడగనైనా అడగలేదు నువ్వు."

"అడగలేదు."

"అడిగుంటే ఎవరూ లేరని చెప్పేదాన్ని."

చెంచమ్మ దువ్వెనలో చిక్కుకున్న వెంట్రుకలు లాగి వేలికి చుట్టుకుంది. అబద్ధం చెప్పాలనిపించలేదు. "చెప్పినా నమ్మేదాన్ని కాదేమో."

"ఆ సందులో ముసలిదాని చేతికి నన్ను అప్పజెప్పుంటే?"

చెంచమ్మ ఏడ్చింది. చప్పుడు రాకుండా, కోడలి జుట్టు చేతిలో పట్టుకునే ఏడ్చింది. మల్లేశ్వరి వెనక్కి తిరగలేదు, ఓదార్చలేదు. వరండాలో మనుషులు అటూ ఇటూ పోతున్నారు. ఎంతోసేపటికి, "మూడో పాయ వదిలేశావత్తా," అంది.

చెంచమ్మ ముక్కు చీదుకుని జడ పూర్తి చేసింది.

"అంత తప్పు చేశాననుకుని కూడా ఇంట్లోంచి వెళ్ళగొట్టలేదు నన్ను," అంది మల్లేశ్వరి, జడ ముందుకేసుకుంటూ. "అది కూడా ఆలోచించా. కానీ నాకింకా కోపం పోలేదు."

"పోనీకులే. ఉంచుకో," అంది చెంచమ్మ. "అది పోయేదాకా నేను ఎక్కడికీ పోను."

ఆపరేషన్ రోజు చెంచమ్మ పొద్దుట్నుంచీ థియేటరు తలుపు ముందే కూర్చుంది. రెబ్కా ఒకసారి టీ తెచ్చి చేతిలో పెట్టింది. అది చల్లారిపోయింది. తలుపు తెరుచుకుని డాక్టరు వచ్చి, మాస్కు కిందికి లాగి నవ్వినప్పుడు ఆయన ఏమన్నాడో ఆమెకి వినిపించలేదు, నవ్వే కనిపించింది. తోపుడుబల్ల మీద మల్లేశ్వరి వచ్చింది. దుప్పటి కింద కడుపు పల్చగా, వయసులో ఉన్న పిల్ల కడుపులా, వెన్నుకి అంటుకుని ఉంది.

కుట్లు విప్పి, ఇంటికి పంపేరోజు డాక్టరు ఒక ఫిలిం కాగితం సంచిలో పెట్టి మల్లేశ్వరి చేతికే ఇచ్చాడు. "ఎప్పుడు జబ్బు చేసినా డాక్టరుకి ఇది చూపించు. నీకున్నది ఒక్కటేనని వాళ్ళకి తెలియాలి. బరువులెత్తకు. నీళ్ళు బాగా తాగు. ఎండలో పనిచేసేవాళ్ళు ఎన్ని తాగినా తక్కువే."

"పొలంలో తాగమండి," అంది మల్లేశ్వరి. "తాగితే మళ్ళీ పోవాలి. మొగాళ్ళు తిరుగుతుంటారు, చాటుండదు."

డాక్టరు కలం పక్కన పెట్టి ఆమె వంక చూశాడు. "ఎవరూ తాగరా?"

"ఎవరం తాగమండి."

"చాటు చూసుకునైనా తాగండమ్మా," అన్నాడు ఆయన చివరికి.

*

వాళ్ళు ఊరు చేరేసరికి కల్లాల్లో ఇంకా రాశులు మిగిలున్నాయి. మల్లేశ్వరి కొన్నాళ్ళు ఇంటిపట్టునే ఉంది. కాస్త ఓపిక వచ్చిందన్నాక ఒక ఉదయం ఇద్దరూ కల్లానికి బయల్దేరారు. కాగితం సంచి చెంచమ్మ చంకలో ఉంది.

బాపయ్య చూడగానే పలకరించాడు. "ఏం చెంచమ్మా, ఎట్టా ఉంది పిల్లకి? ఆపరేషనంటగా?" అంటూ మల్లేశ్వరి కడుపు వంక చూశాడు. పల్చటి కడుపు చూసి ఏదో అర్థమైనట్టు తల ఊపాడు. వరసలో ఆడవాళ్ళు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. గుంటూరు పోయి తీయించుకొచ్చిందన్న మాట వీళ్ళకంటే ముందే ఊరు చేరింది.

"చూడు మేస్త్రీ!" అంటూ చెంచమ్మ సంచిలోంచి ఫిలిం లాగింది. "మీరందరూ చూడండి. డాక్టర్లు ఫొటో తీశారు..."

బాపయ్య చెయ్యి చాపాడు. ఆ చెయ్యి ఫిలిం మీద పడకముందే మల్లేశ్వరి దాన్ని అత్త చేతిలోంచి తీసుకుని సంచిలో పెట్టేసింది.

"ఇది డాక్టర్లకి చూపించుకోమని ఇచ్చారు. నీకు కాదు మేస్త్రీ. నా ఒళ్ళు లోపలిదాకా చూస్తే గాని నమ్మరా? నోటితో చెప్తున్నా. నా కడుపులో బిడ్డ లేదు. జబ్బుండేది, తీసేశారు. ఆ మాట చాలితే కూర్చుంటా. చాలకపోతే ఇంకో కల్లం చూసుకుంటా."

చెంచమ్మ ఆ పిల్ల గొంతు అంత నిదానంగా ఎప్పుడూ వినలేదు.

"అది చెప్పింది నిజం," అంది. "దాని మాట నమ్మంది మీరొక్కరే కాదు. మీరు నవ్వారు. నేను నవ్వలేదు గాని మీ అందరికంటే పెద్ద తప్పు చేయబోయాను. బాపయ్యా, ఆ రోజు నువ్వంటుంటే నోరు మూసుకుని తీసుకుపోయానే, అది నేను చేసిన తప్పు, దాని తప్పు కాదు."

బాపయ్య తలపాగా సవరించుకున్నాడు. "ఇప్పుడు నేనేమన్నానమ్మా! కూర్చోండి, కూర్చోండి. బోలెడు తాలుంది."

వరస కదిలి చోటిచ్చింది. మల్లేశ్వరి కూర్చుంది. ఎండెక్కాక లేచి కుండలోంచి చెంబు నిండా నీళ్ళు ముంచుకుని, అందరూ చూస్తుండగానే గటగటా తాగింది.

"అన్ని నీళ్ళు తాగితే మాటిమాటికీ లేవాలి మరి," అన్నాడు బాపయ్య.

"లేస్తా," అంది మల్లేశ్వరి.

అత్తాకోడళ్ళు ఇంటి నుంచి తెచ్చుకున్న పాత తాటాకు తడిక ఒకటి గడ్డివామి వెనక నిలబెట్టి, రెండు కర్రలు పాతి కట్టారు. మధ్యాహ్నానికి ఇంకో ఇద్దరు చెంబు అందుకున్నారు.

పొద్దు వాలుతుండగా మల్లేశ్వరి తడిక చాటు నుంచి వస్తుంటే జానీబీ ఎదురొచ్చి నిలబడింది. వరసలో ఆమె పక్కనే కూర్చునే మనిషి. ఆ రోజు కిసుక్కుమన్నదీ ఆమే.

"మల్లేశ్వరీ, ఆ బొమ్మ నాకొకసారి చూపిస్తావా?" అంది. మల్లేశ్వరి మొహం బిగుసుకోవడం చూసి చప్పున, "నమ్మక కాదు, అల్లా తోడు. నాక్కూడా... ఇక్కడ, కుడి పక్క. ఒక్కోసారి ఒంటికి పోతే ఎర్రగా పడుతుంది. చెబితే పనిలోంచి తీసేస్తారని ఎవరికీ చెప్పలేదు. మా ఇంటాయనక్కూడా," అంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

మల్లేశ్వరి సంచి తెచ్చి, ఫిలిం తీసి, రెండు చేతులతో పడమటి సూర్యుడికి ఎదురుగా ఎత్తి పట్టుకుంది. నల్లటి రేకులోంచి ఎముకలూ, గిన్నెలూ, కిందికి దిగిన సన్నటి దారమూ వెలుగులోకి వచ్చాయి.

"ఇదిగో, కుడిది. ఇది బాగున్నది. బాగుంటే ఇట్టా ఉంటుంది. నీది ఎట్టా ఉందో వాళ్ళే చూసి చెప్తారు. నొప్పేం పెట్టదు. నోట్లో కొంచెం ఇత్తడి రుచి తగుల్తుంది, అంతే."

జానీబీ వేలు చాపి ముట్టుకోబోయి వెనక్కి తీసుకుంది. "ముట్టుకో," అంది మల్లేశ్వరి.

రాశి మీద గోనెపట్టాలు కప్పుతున్న చెంచమ్మ వాళ్ళిద్దర్నీ చూసి పని వదిలేసి వచ్చింది. ఆమెకి చెప్పాలా వద్దా అన్నట్టు జానీబీ మల్లేశ్వరి వంక చూసింది. చెంచమ్మ జానీబీ భుజం పట్టుకుని వామి నీడలోకి తిప్పి కూర్చోబెట్టింది. తనూ ఎదురుగా కూర్చుంది.

"ఎక్కడే తల్లీ నొప్పి?" అంది. "నాకు చూపించు. ఎప్పట్నుంచి?"